బడికి ఏ నేల?



నిజాము పాలనలో ఖానగీ బడి తెరచుటకే సర్కారు అనుమతి కావలసియుండెను. 1930లో జోగిపేటలో, మన గద్వాల సీమవారైన సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆరంభమైన ఆంధ్ర మహాసభ ఆ నిర్బంధములను ఎదిరించెను. నేడు సర్కారే బడి కట్టెదను, నేల చూపుడనుచున్నది. 2024లో ప్రకటింపబడిన యంగ్ ఇండియా గురుకులములు నియోజకవర్గమునకొకటి చొప్పున, ఒక్కొక్కటి 20 మొదలు 25 ఎకరములలో వెలయవలెనట. సంతోషమే. కాని ఆ నేల ఎవరినడిగి ఇత్తురు?

వకీళ్లమగుటచే మాకు దస్త్రములు చూచుట అలవాటు. పహాణీలో సర్కారీ అని వ్రాసినంతనే నేల ఖాళీ కాదు. గైరానులో మందలు మేయును. శికము భూమి వేసవిలో మైదానమువలె దోచినను వానకాలమున చెరువే. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగు వ్యాజ్యెములో సుప్రీము కోర్టు గ్రామపు ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగింపుడని రాష్ట్రములనెల్ల ఆదేశించెను. బడి, వైద్యశాల వంటివి అదివరకే యున్న తావులకు మినహాయింపు చూపెను. ఆ మినహాయింపును పట్టుకొని, బడి పేరు చెప్పిన మేతభూమి యంతయు దక్కునని తలచువారు తీర్పును సగమే చదివినవారు.

ఇక గట్టు మాట. 2011 జనాభా లెక్కలలో అక్షరాస్యత మిక్కిలి తక్కువైన మండలములలో మనది యొకటి. కారణము మీరెరుగనిది కాదు. విత్తనపత్తి చేలలో మధ్యాహ్నము మొదలు మొగ్గ గిల్లవలెను, మరునాటి ఉదయము పుప్పొడి అద్దవలెను. చిన్న వ్రేళ్లు, చిన్న కూలి! ఆ పనికిని బడిగంటకును వేళ యొక్కటే. గురుకులము పిల్లను చేనినుండి తప్పించును; అది దాని బలము, కాదనము. కాని అందు సీటు దొరకని పిల్ల యేమగును? 2009 నాటి విద్యాహక్కు చట్టమును అనుసరించిన నియమములు ఒకటవ తరగతి మొదలు అయిదవ తరగతి వరకు కిలోమీటరు దూరములోనే బడి యుండవలెననుచున్నవి. ఊరిబడి ఆవరణను కుదించియో, దానిని మూసియో దూరమున గొప్ప భవనము లేపుట మాకు సమ్మతము కాదు. ఊరిబడి నేల ముందు. గురుకులపు నేల తరువాత.

కావున నేల ఎంచుటకు ముందు గ్రామసభ జరుగవలెను. గొల్లలు రావలెను, తల్లులు రావలెను. నకషా తెచ్చి, సర్వే నంబరు చదివి, హద్దులు చూపవలెను. పత్తి పూత రోజులలో పగటిసభ పెట్టిన తల్లులెవ్వరును రారు. దీపములు పెట్టిన పిమ్మట పెట్టుడు.