ఓటు లేని ఒడ్డు
(సురవరం ప్రతాపరెడ్డి స్మారకోపన్యాసం)



అలంపురం దగ్గర తుంగభద్ర గట్టున నిలబడితే అవతల కర్నూలు సీమ. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఆ ఒడ్డున, బ్రిటిషు వారి మద్రాసు రాష్ట్రంలో, ఎన్నికలు జరిగాయి. 1920 నుంచి జస్టిస్ పార్టీ, ఆ తరువాత స్వరాజ్య పార్టీ ఓట్లడిగాయి. 1937లో మద్రాసు శాసనసభలోని 215 స్థానాల్లో 159 కాంగ్రెసువే. ఆస్తి, పన్ను, చదువు ఉన్న కొందరికే ఓటున్న మాట నిజం. అయినా పాలించేవాణ్ణి జనం ముందు నిలబెట్టి అడిగే ఆనవాయితీ అక్కడ మొదలైంది.

ఆ నీళ్ళే తాగే ఇవతలి ఒడ్డున అదీ లేదు. గద్వాల, వనపర్తి సంస్థానాలు. నాగర్‌కర్నూల్ సర్కారు నేరుగా పాలించే దివానీ ఇలాకా. అన్నింటి మీదా హైదరాబాదు నిజాం. సభ పెట్టాలంటే సర్కారు ఇజాజత్ కావాలి. గస్తీ నిశాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు సభల గొంతు మీద కూర్చుంది. సొంతంగా బడి పెట్టుకోవాలన్నా అనుమతే. ఇలాంటి చోట రాజకీయం ఎక్కడ మొలిచింది? ఈ సాయంత్రం నేను చెప్పదలచింది ఆ ఒక్క సంగతే. పార్టీ పెట్టుకోనివ్వని చోట పత్రికా, గ్రంథాలయమూ, తెలుగు మాటా కలిసి పార్టీ పని చేశాయి.

1921 నవంబరులో హైదరాబాదులో సంఘ సంస్కార సభ జరిగింది. వేదిక మీద అల్లంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానం తగిలిన కొద్దిమంది ఆ రాత్రే ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. మాడపాటి హనుమంతరావు గారు దానికి వెన్నెముక. వెట్టిచాకిరి మీద సంఘం పుస్తకాలు అచ్చువేసి పంచింది. దొర గడీకీ, అమీను మకాముకూ ఊరికే ఊడిగం చేసే మనిషికి అది తలరాత కాదు, అన్యాయం అని అక్షరంలో చెప్పడమే ఆనాటి ఉద్యమం.

ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు కర్నూలులో, మద్రాసులో చదివారు. రెండు ఒడ్లూ చూసిన మనిషి. 1920ల నడిమిలో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబిచ్చారు. సాహిత్యంలో లెక్కకు రాని జనం రాజ్యంలోనూ లెక్కకు రారని ఆయన ఎరుగుదురు.

1930లో ఆంధ్ర జనసంఘం ఆంధ్ర మహాసభగా ఎదిగింది; జోగిపేటలో జరిగిన తొలి సభకు ఆయనే అధ్యక్షులు. పక్కనే నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన మహిళా సభ జరిగింది. మరుసటి ఏడు దేవరకొండ సభకు అధ్యక్షులు కల్వకుర్తి తాలూకా పడకల్‌లో పుట్టిన బూర్గుల రామకృష్ణారావు గారు. 1936 నాటి సభ అప్పటి మన పాలమూరు జిల్లా షాద్‌నగర్‌లోనే. తీర్మానం పెట్టడం, బలపరచడం, కాదన్నవారి మాట వినడం మనవాళ్ళు ఈ సభల్లోనే నేర్చుకున్నారు. ఓటు రాకముందే ఓటరు తయారయ్యాడు.

విన్నపాలతో పని కాని రోజు వచ్చింది. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్‌ను ఇంకా ఏర్పడకముందే సర్కారు నిషేధించింది. అక్టోబరు 24న సత్యాగ్రహం మొదలైంది. ఆర్యసమాజం వేరుగా జైళ్ళు నింపింది. అలా జైలుకెళ్ళి, కొరడా దెబ్బ పడినప్పుడల్లా వందేమాతరం అన్న యువకుడు గద్వాలలో పుట్టిన రామచంద్రరావు. ఆ నినాదమే ఆయన ఇంటిపేరైంది. 1939లో సర్కారు ప్రకటించిన సంస్కరణల్లో 85 మంది సభకు ఎన్నికయ్యేది 42 మందే, అదీ వృత్తుల వారీగా. యుద్ధం వచ్చి అదీ అప్పటికి కాగితం మీదే నిలిచిపోయింది.

నిజాం పాలన ముగిశాక, 1952లో వయోజనులందరికీ ఓటు వచ్చింది. వనపర్తి నియోజకవర్గం ప్రతాపరెడ్డి గారిని శాసనసభకు పంపింది. బూర్గుల వారు హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. ఆ గెలుపు ఒక్క ఎన్నికల్లో వచ్చింది కాదు. ఏళ్ళ తరబడి చందా కట్టి పత్రిక తెప్పించుకున్నవారిది, ఊరి గ్రంథాలయంలో దీపం పెట్టుకొని పదిమందికి చదివి వినిపించినవారిది.

అందుకే నాదొక విన్నపం. రేపు మీ ఊరికి వెళ్ళాక గ్రంథాలయం తలుపు తీసి ఉందో లేదో చూడండి. మూసి ఉంటే నలుగురూ కలిసి తెరిపించండి. మనకు ఓటు నడిచి వచ్చిన దారి అదే.