వానకాలమున మూడు చక్రముల బండి

(మన సంఘ సభలో సభ్య కుటుంబముల యెదుట చేయబడిన ప్రసంగము యొక్క పాఠము)



రోహిణి కార్తె నడుచుచున్నది. మరి కొలది దినములలో మృగశిర ప్రవేశించును. బొంబాయి వాన ఎట్టిదో ఈ సభలోని వారికి మేము చెప్పనక్కరలేదు. ఎవరి శక్తికొలది వారు పైకప్పుపై తాడిపత్రి కప్పించుకొనుచున్నారు, కారు చోట్లకు తారు పూయించుకొనుచున్నారు. ఈ పనులతోపాటు మన చాళ్లలో మరియొక వస్తువును గూర్చి గూడ ఇప్పుడే శ్రద్ధ వహింపవలెనని విన్నవించుటకు మేము నిలిచితిమి. నడువలేని మన యన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు చేతితో త్రిప్పుకొని పోవు మూడు చక్రముల సైకిలే ఆ వస్తువు.

మన దేశమున పోలియో వ్యాధి చివరిసారిగా 2011 జనవరి 13వ తేదీన కనబడినది. 2014 మార్చి 27న మన ఆగ్నేయాసియా ప్రాంతము పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచినది. ఇది మిక్కిలి సంతోషింపదగిన విషయము. అయినను అంతకు పూర్వము ఆ వ్యాధి వాతబడినవారు నేడు నడివయస్సున మన నడుమ నున్నారు. కట్టడపు పరంజాపైనుండి పడి వెన్ను దెబ్బతిన్నవారు, మధుమేహముచే కాలు పోగొట్టుకొన్నవారు గూడ ఈ బండ్లపైననే తిరుగుచున్నారు. వీరిలో ననేకులు తమ పొట్ట తాము పోసికొనువారు. వెనుక ఎస్‌టిడి బూతులు నడిపి సంసారములు నిలుపుకొనిరి. చేతి ఫోనులు వచ్చి అవి మూతబడిన పిమ్మట చిన్న చిన్న అంగళ్లు పెట్టుకొనిరి. అంగడి తెరచినగాని ఆ దినము పొయ్యి వెలుగదు. బండి కదలినగాని అంగడి తెరువబడదు.

ఇట్టి బండ్లు చాలవరకు కేంద్ర ప్రభుత్వపు అడిప్ పథకము క్రింద ఉచితముగ లభించును. 1972లో కాన్పూరున స్థాపింపబడిన అలిమ్‌కో సంస్థ వీనిని తయారుచేయుచున్నది. కాని ఒకసారి సహాయము పొందినవారు అదే వస్తువునకై మరల కోరుటకు సాధారణముగ మూడేండ్లు ఆగవలెను. బండి మొదటి వానకాలముననే తుప్పుపట్టి మూలబడినచో తక్కిన రెండు వానకాలములును ఆ మనిషి గదిలోనే కూర్చుండవలసి వచ్చును. కావున ఈ బండి మరమ్మతును కేవలము ఇనుప సామాను వ్యవహారముగ తలంపరాదు.

మన బండికి పాశ్చాత్య దేశములలో ఒక దూరపు బంధువు కలదు. వెనుకకు వాలి కూర్చుండి, కాళ్లు ముందునకు చాచి త్రొక్కు సైకిలు అది. దానిని రికంబెంటు అందురు. 1933 జులై 7న ఫ్రాన్సిస్ ఫోర్ అను ఫ్రెంచివాడు, షార్ల్ మోషే నిర్మించిన అట్టి బండిపై ఒక్క గంటలో 45 కిలోమీటర్లకు పైగా పోయి పాత రికార్డును మించెను. మరుసటి యేడే అంతర్జాతీయ సైకిలు సంఘమువారు అట్టి బండ్లను పందెముల నుండి తొలగించిరి. మామూలు సైకిలువానిని ఓడించుటయే దాని నేరమైనట్లున్నది! మనకు పందెములతో పనిలేదు. ఆ బండ్లవారు చలికాలమున, మంచు కరుగుటకై ఉప్పు చల్లిన రోడ్లపై తిరుగుటకు చేసికొను ఏర్పాట్లు మాత్రము మనకు పనికివచ్చునవి. వారును మనవలెనే నేలకు దగ్గరగ కూర్చుందురు. చక్రము చిమ్మిన బురద వారి యొడిలోనే పడును. బస్సు తోలువానికి వారు కనబడరు. అందుచే వారు చక్రములకు నిండు మడ్‌గార్డులు బిగింతురు, గొలుసును గొట్టములో నడిపింతురు, పొడవైన కర్రకు జెండా కట్టుదురు, ఇల్లు చేరిన వెంటనే బండిని కడిగి తుడుతురు. మంచుపై జారకుండుటకు వారు వాడు మేకుల టైర్లు మాత్రము మన కక్కరలేదు.

ఇక మన బండి సంగతి. మొట్టమొదట విప్పవలసినవి చక్రముల ఇరుసులు. వానకాలము మధ్యలో విప్పిన ప్రయోజనము లేదు, రోహిణిలోనే విప్పవలెను. గోళీలను కిరసనాయిలులో కడిగి, ఆరబెట్టి, ఎన్ని తీసితిమో అన్నియు లెక్కపెట్టి మరల అమర్చవలెను. గుంటలు పడిన గోళీని తిరిగి వేయరాదు. గ్రీజు విషయమున లోభము పనికిరాదు. గిన్నె నిండి అంచున కొంచెము పొంగునట్లు పెట్టినయెడల ఆ పొంగిన గ్రీజే నీటికి అడ్డుకట్ట యగును. కాల్షియము గ్రీజు అని అడిగిన దుకాణమువారు ఇత్తురు. అది నీటికి కొట్టుకొనిపోదు. చేతితో త్రిప్పు పెడలు ఇరుసునకును ఇదే విధము.

గొలుసునకు గ్రీజు పూయుట మన గల్లీలలో పాతుకొనిపోయిన దురాచారము. గ్రీజు ఇసుకను పట్టియుంచి గొలుసును ఆకురాయివలె అరగదీయును. మోటారులనుండి తీసిన నల్లని నూనెయు అంతే. కొబ్బరినూనె కొన్నాళ్లకు జిగురై కూర్చుండును. పలుచని క్రొత్త మిషను నూనెను ఒక్కొక్క కీలునకు ఒక్కొక్క చుక్క వేసి, నాలుగు మారులు త్రిప్పి, పైనున్న దానిని పాత బనీను గుడ్డతో పూర్తిగ తుడిచివేయవలెను. లోపలి నూనె పనిచేయును, పైది బురదను పిలుచును. గొలుసు అరిగినదో లేదో తెలిసికొనుటకు ఒక స్కేలు చాలును. 24 కీళ్ల పొడవు సరిగా 12 అంగుళములు ఉండవలెను. అంగుళమున పదునారవ వంతు పెరిగినచో గొలుసు మార్చవలెను. ఎనిమిదవ వంతు పెరుగువరకు ఊరకున్నచో పండ్ల చక్రము గూడ అరిగిపోయి రెండింటి ఖర్చు తగులును. ఈ బండి గొలుసు, గోళీలు, ట్యూబులు సామాన్యముగ మామూలు సైకిలువే. వర్లీలో హింద్ సైకిల్స్ కర్మాగారము నడచిన దినములు మన పెద్దలు ఎరుగుదురు. 1980లో పార్లమెంటు చట్టముచే అది జాతీయము చేయబడి, తరువాత కాలగర్భమున కలిసినది. నేడు గల్లీలలో సైకిలు దుకాణములు గూడ తగ్గిపోయినవి. అందుచే ఈ పని మన చేతికి రావలసియున్నది.

బ్రేకుల విషయము ప్రాణములతో ముడిపడినది. మెరుగు పూసిన ఇనుప రిమ్ము తడిసినప్పుడు రబ్బరు దానిపై పట్టు చిక్కక జారును. పొడి నేలపై ఆగిన దూరమునకు ఎన్నో రెట్లు పోయినగాని బండి ఆగదు. ఆగవలసిన చోటికి చాల ముందుగనే బ్రేకును మెల్లగ ఒకటి రెండు మారులు తాకించి రిమ్ముపై నీటిని తుడిచి, ఆ పిమ్మట గట్టిగ పట్టవలెను. తోలు ముఖము గల బ్రేకు రబ్బర్లు తడి ఇనుముపై మేలుగ పట్టును. దొరికినయెడల అవియే వేయించుడు. ముందు చక్రమును త్రిప్పు బండ్లలో మరియొక చిక్కు కలదు. మనిషి బరువంతయు వెనుక నుండుటచే తడి ఎత్తుపై ముందు చక్రము తిరుగునే గాని బండి కదలదు. అట్టిచోట ముందునకు వంగి మెల్లగ త్రిప్పవలెను. వెనుకనున్నవారు చేయి వేయుటకు సంకోచింపరాదు, కాని అడుగకుండ త్రోయరాదు. త్రోయుటకు ముందు "అన్నా, పట్టుకొందునా?" యని అడుగుట మర్యాదయే గాక భద్రత గూడ. ఆయన చేయి పెడలుపై నుండగా మనము త్రోసినయెడల అది తిరిగి మణికట్టునకు తగులును.

మడ్‌గార్డుల క్రింది అంచున పాత టైరు ముక్కను నేలకు నాలుగంగుళముల యెత్తువరకు వ్రేలాడగట్టినయెడల ఒడిలో పడు బురద సగము తగ్గును. గొడుగును బండికి కట్టుటను మాత్రము మేము గట్టిగ వారింతుము. ఆషాఢపు గాలికి అది తెరచాప యగును. తలనుండి మోకాళ్ల క్రిందివరకు వచ్చు జోలె వంటి వానకోటు మేలు, దాని అంచులు చక్రపు పుల్లలలో చిక్కకుండ లోపలికి దోపుకొనవలెను. ఐదడుగుల సన్నని వెదురు కర్రకు పసుపుపచ్చని జెండా, వెనుక మెరయు ఎర్రని పట్టీలు, చీకటిపడినచో ఒక ఎర్రదీపము ఉండవలెను. లారీ తోలువాని కన్ను ఎంత ఎత్తున నుండునో తలచినచో ఈ జెండా అలంకారము కాదని తెలియును.

ఆసనమును గూర్చి అమ్మలకు, అక్కలకు ఒక విన్నపము. వెన్నుపూస దెబ్బతిన్న వారికి నడుము క్రింద స్పర్శ తెలియదు. తడిసిన దిండుపై మూడు గంటలు కూర్చున్నను వారికి తెలియదు, కాని చర్మమునకు తెలియును. అట్లు మొదలగు పుండు ఎముకవరకు పోవును, నెలల తరబడి మంచమున పడవేయును, ఒక్కొక్కప్పుడు ప్రాణము గూడ తీయును. దిండునకు లోపల రెక్సిను తొడుగు, పైన నూలు తొడుగు కుట్టుడు. నూలు తొడుగులు రెండుండవలెను, ఒకటి ఆరుచుండగా మరియొకటి వాడవచ్చును. ఇల్లు చేరిన వెంటనే ఆ చోటును ఇంటివారు చూడవలెను, లేదా అద్దముతో తామే చూచుకొనవలెను. ఎర్రబడి తగ్గకుండినయెడల ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. 1955లో స్థాపింపబడిన అఖిల భారత భౌతిక వైద్య పునరావాస సంస్థ హాజీ ఆలీ యొద్ద నున్నది. మనకు అది దూరము కాదు.

ఇక నిలిచిన నీరు. మన కామాఠీపుర ప్రాంతము పల్లపు నేల. 1784లో హార్న్‌బీ కట్ట వర్లీ యొద్ద సముద్రమును ఆపువరకు ఈ పల్లములలోనికి పోటునీరు వచ్చెడిది. మన పూర్వులు తెలంగాణమునుండి కామాఠీ పనులకు వచ్చి ఇచ్చట కాపురములు పెట్టినది ఆ తరువాతనే. నీరు తన పాత త్రోవను మరువలేదు. ముందు చక్రపు ఇరుసు మునుగునంత నీరున్నచో ఎంత అవసరమైనను బండిని దింపరాదు. గ్రీజు పాడగునన్న చింత అటుంచుడు, నీటి క్రింద మూత లేని మ్యాన్‌హోలు ఉండవచ్చును. 2017 ఆగస్టు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు ప్రాంతమున నడచిపోవుచున్న ఒక ప్రఖ్యాత వైద్యుడే అట్టి దానిలో పడి మరణించెను. ఇంటియొద్ద వాన లేదని బయలుదేరుటయు తగదు. 2005 జులై 26న సాంతాక్రుజ్‌లో 944 మిల్లీమీటర్ల వాన కురియగా కొలాబాలో 73 మాత్రమే కురిసెను. పోవు చోటనున్న వారికి ముందుగ ఫోను చేసి కనుగొనుట మేలు. మురికినీరు పుండ్లకు తగిలినయెడల ఎలుకజ్వరము రాగలదు, జ్వరము వచ్చువరకు ఆగక మునిసిపాలిటీ దవాఖానాకు పోయి మందు అడుగవలెను. బ్యాటరీ బండ్లవారు నీటిలో దిగనే దిగరాదు, తడిచేతితో చార్జరును తాకరాదు.

ఇంత చేసినను, రాత్రి బండి ఎచ్చట నిలుచుననునదే అన్నిటికంటె పెద్ద ప్రశ్న. గది తలుపులో అది దూరదు. మెట్ల క్రింద పెట్టినచో దారికి అడ్డమని తగవు, బయట పెట్టినచో రాత్రంతయు వాన. మేము చూచిన బండ్లలో పాడైనవానికంటె తడిసి చెడినవే అధికము. ఒక చాళులో ఒక సోదరుడు పొరుగింటి ఆవిడతో, "బండి తడిస్తె నేను తడిసినట్టే గద, వదినా" అనగా మేము వింటిమి. ఆమె ఆ సాయంకాలమే మెట్ల క్రిందనున్న తన నీళ్ల పీపాలను జరిపి చోటిచ్చెను. ఆ బండి బతుకమ్మ పండుగనాటికి గూడ క్రొత్తదానివలె నుండెను. ప్రతి చాళులో ఒక బండికి చోటు చూపుట కష్టమేమియు కాదు. గుమ్మము ఎత్తు ఆరంగుళములైనచో ఆరడుగుల బల్ల వాలుగ వేసిన చాలును. అంగుళమునకు అడుగు లెక్క, అనగా ఒకటికి పండ్రెండు. బల్లపై ఇసుక చల్లి రంగు పూసినయెడల తడిలో జారదు.

కామాఠీపుర పునర్నిర్మాణమును గూర్చి మ్హాడా వారి ప్రణాళికలు వచ్చుచున్న ఈ సమయమున ఒక మాట. ప్రతి సమావేశమున మనవారు గది ఎన్ని చదరపుటడుగులని అడుగుచున్నారు, అది న్యాయమే. కాని క్రింది అంతస్తున ఈ బండ్లకు కప్పుగల చోటు ఎచ్చట, లిఫ్టు తలుపు వెడల్పు ఎంత, గుమ్మమున వాలుదారి ఉన్నదా అని అడిగినవారిని మేము చూడలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము భవనపు ప్లాను సుగమ్యతా నియమములకు లోబడియుండినగాని అనుమతి ఈయరాదు. గోడలు లేచిన పిమ్మట అడిగినచో మరల మెట్ల క్రింది తగవులే మిగులును. ప్లాను కాగితముపై నున్నప్పుడే అడుగవలెను, బండిపై తిరుగువారినే ముందు వరుసలో కూర్చుండబెట్టి అడిగింపవలెను.

వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిది గంటలనుండి సంఘ భవనపు ముంగిట బండ్లు విప్పి చూపుదుము. తెచ్చుకొనలేనివారు కబురు పంపినచో మన యువకులు వచ్చి తీసికొని పోయెదరు, సాయంకాలమునకు ఇల్లు చేర్చెదరు. గ్రీజు, గోళీలు సంఘము ఇచ్చును. కిరసనాయిలునకు ఒక పాత డబ్బా, బనీను గుడ్డలు మీ ఇండ్లనుండి తెండు. పదునైదేండ్లు దాటిన పిల్లలను, ఆడపిల్లలను గూడ పంపుడు. చేతులకు మసి యగును గాన పాత బట్టలు తొడిగి పంపుట మేలు.