ఇంటి మాట, బడి మాట

(సికింద్రాబాద్‌లో, కొత్తగా చదువు నేర్చుకున్న మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



మీరంతా పెద్దయ్యాక పలక పట్టినవాళ్లు. మొదట్లో అక్షరాలు ఎంత ఏడిపించాయో మీకు నేను చెప్పాలా? అయినా మీలో చాలామందికి ఒక సుఖం ఉండింది. 'నీరు' అని కూడబలుక్కుని చదివారు. చదవగానే అర్థమైంది. ఆ మాట కంటికి కొత్త, చెవికి పాత. మరి చెవికి కూడా కొత్తదైతే ఏమవుతుంది?

ఆదిలాబాద్ వైపు ఒక గోండుగూడెం అనుకుందాం. ఆరేళ్ల పిల్ల. వాళ్లింట్లో నీళ్లను 'ఏర్' అంటారు. మనకేమో ఏరు అంటే పారే వాగు. పిల్ల దాహమేసి 'ఏర్' అంటుంది. తెలుగు సారు వాగు వైపు చూస్తాడు. తండాలో లంబాడీ పిల్ల అమ్మను 'యాడి' అని పిలుస్తుంది. బడిలో పుస్తకం తెరవగానే 'అ' అంటే అమ్మ అని ఉంటుంది. ఆ పిల్లకు అక్షరం కొత్త, మాట కూడా కొత్త. రెండు బరువులు ఒక్కసారే ఎత్తాలి. నోరు తెరవక కూర్చుంటుంది. "మొద్దు పిల్ల" అని పేరు పెడతారు. కొన్నాళ్లకు బడి మానేస్తుంది. మేకల వెంట పోతుంది.

2011 జనాభా లెక్కలు చూడండి. అప్పటికి మన దేశంలో గిరిజన స్త్రీలలో నూటికి 49 మందికే చదువు వచ్చు. సగం కూడా లేరు.

ఇక లెక్కల సంగతి. గోండు పిల్లలకు లెక్కలు రావు అని ఎవరైనా అంటే నమ్మకండి. ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సైయుంగ్ అని వాళ్లు ఎంచుతారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అన్నమాట. చూశారా, రండ్‌కూ రెండుకూ, మూండ్‌కూ మూడుకూ ఎంత చుట్టరికం ఉందో! సంతలో తల్లి పక్కన కూర్చుని చింతపండు అమ్మే పిల్లకు చిల్లర ఎంత ఇవ్వాలో తెలుసు. అదే పిల్లను బడిలో అడుగుతారు: "రాము దగ్గర 15 మామిడిపండ్లు ఉన్నాయి. 6 తమ్ముడికి ఇచ్చాడు. మిగిలినవి ఎన్ని?" పిల్లకు తీసివేత తెలుసు. 'మిగిలినవి' అన్న మాట తెలియదు. తప్పు లెక్కలో లేదు, మాటలో ఉంది. ముందు చింతగింజలు ముందర పోసి, ఇంటి మాటలో ఎంచనివ్వాలి. తర్వాత 15 - 6 = 9 అని పలక మీద రాయించాలి. అంకెలు ఏ భాషకైనా అవే కదా.

ఇది కొత్త ఆలోచనేం కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకొమ్మని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే పండితుణ్ణి పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయి గ్రామంలో గుడిసె వేసుకుని ఉన్నారు. 1943లో అక్కడే గోండు యువకులకు పంతులు పని నేర్పే కేంద్రం మొదలైంది. గోండీ మాటలతో వాచకాలు వచ్చాయి. పంతులూ గోండే, పాఠమూ గోండీయే! 1987లో బెట్టీ చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఊరివాళ్లు ఆమెను తమ మనిషి అనుకున్నారు మరి.

మళ్లీ 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ పని చేపట్టింది. గోండి, కోయ, కొలామి, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా, లంబాడీ - ఎనిమిది భాషలు. మొదట 240 బడులు. ఆ భాషల మాటలనే తెలుగు అక్షరాలతో రాశారు. గూడెం పండుగలు, సంతలు, ముసలమ్మలు చెప్పే కథలు పాఠాలయ్యాయి. ఒకటో తరగతిలో ఇంటి భాష. పక్కనే తెలుగు మాట్లాడడం. పై తరగతులకు పోయేకొద్దీ తెలుగు పెరుగుతుంది.

పని అనుకున్నంత సాగిందా అంటే, లేదు. భాష తెలిసిన పంతులు బదిలీ అయిపోతే పుస్తకం బీరువాలో పడి ఉంటుంది. పుస్తకం అచ్చువేయడం తేలిక. ఆ భాష మాట్లాడే మనిషిని ఆ గూడెంలో నిలపడమే కష్టం. నన్నడిగితే ముందు అదే చూడాలి.

"మా భాష ఇంట్లో ఉండనే ఉంది, బడిలో ఎందుకమ్మా? ఇంగ్లీషు చెప్పించండి" అని తల్లులు అంటారు. న్యాయమైన మాటే. ఉద్యోగాలు ఇంగ్లీషుకే ఉన్నాయి మరి. అయితే ఇంటి భాషలో చెప్పమంటే తెలుగు, ఇంగ్లీషు వద్దని కాదు. అర్థమయ్యే మాటతో చదవడం ఒకసారి వచ్చిందంటే, రెండో భాషకు ఆ చదవడమే పనికొస్తుంది. మళ్లీ మొదటినుంచి నేర్చుకోనక్కర లేదు. ఇంటి భాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయమని మన రాజ్యాంగంలో 350-ఎ అధికరణం 1956 నుంచీ ఉంది. 2020 జాతీయ విద్యా విధానమూ వీలైనచోట 5వ తరగతి దాకా అదే చేయమంది. కాబట్టి బడికి పోయి, "మా పిల్లకు తెలుగు ఇంకా రాదు సారూ, మా మాటలో ఒకసారి చెప్పించండి" అని అడగడానికి సిగ్గుపడవద్దు.

ఇక్కడ లంబాడీ అక్కలు కూడా ఉన్నారు. ఇప్పుడు అందరూ పలకలు తీయండి. వాళ్లు ఒకటి నుంచి పది దాకా వాళ్ల మాటలో చెబుతారు. మనం వినంగ విన్నట్టే తెలుగు అక్షరాల్లో రాద్దాం. రాశాక పలకలు వాళ్లకిద్దాం, వాళ్లే దిద్దుతారు. చెప్పమ్మా, మొదలుపెట్టు.