పీఠమెక్కినోడు మనోడే, గోడ మాత్రం అట్లాగే ఉంది
(దళిత క్రైస్తవుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంతోని గారికి రోములో కార్డినల్ టోపీ పెట్టారు. తెలుగువాళ్ళలో మొదటి కార్డినల్, దళితుల్లోనూ మొదటి కార్డినల్ ఆయనే. కర్నూలు జిల్లా బిడ్డ. పేదరికం వల్ల ఏడో తరగతితో చదువు ఆగిపోతే మిషనరీలు చేరదీశారు. మనం సంతోషించాం. ఎందుకు సంతోషించం?

కానీ లెక్క చూడండి. మిలాన్ ఫాదర్లు నిజాం రాజ్యానికొచ్చింది 1855లో. 1886లో హైదరాబాద్ మేత్రాసనమైంది, 1953లో అగ్రపీఠమైంది. ఆ కుర్చీలో దళితుడు కూర్చోడానికి 2000 దాకా పట్టింది. ఆయనే మారంపూడి జోజి గారు, దేశంలోనే మొదటి దళిత ఆర్చిబిషప్. గుడి నిండా జనం మనవాళ్ళే, పీఠం మాత్రం అంత దూరం!

మిషన్ చేసిన మేలు మేం మరవం. మాలో చాలామందికి పలకా బలపం ఇచ్చింది మిషన్ బడే, అన్నం పెట్టింది బోర్డింగే. ఊరి బడిలో అరుగు దిగి కూర్చోమన్న రోజుల్లో అక్కడ బెంచీ మీద కూర్చున్నాం. ఆ బెంచీ వల్లే ఇప్పుడీ మైకు ముందు నిలబడగలిగాం. (ఇప్పుడు ఇంగ్లీషు మీడియం బడుల ఫీజులు మన కూలోళ్ళకు అందుతున్నాయా? అదీ అడగాల్సిందే.)

మరి మా ఊళ్ళో సంగతి? ఒకే గుడి, ఒకే దివ్యపూజ, ఒకే అప్పం. చచ్చాక మాత్రం సమాధుల తోటలో అడ్డంగా గోడ. అటు రెడ్లు, ఇటు మనం. మట్టిలో కూడా అంటేనా?

ఇక సర్కారు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ అంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. మనల్ని కలపలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ కలపమని రాసినా కాగితం కదల్లేదు. మనకు దక్కింది బీసీ-సి, ఒక్క శాతం. దెబ్బలు తిని కేసు పెడితే, క్రైస్తవుడికి అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. కొట్టినోడు మాత్రం బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగి కొట్టాడా?

ఏటా ఆగస్టు 10న నిరసన దినమని పీఠాధిపతులే పిలుపిస్తారు. మనమూ నల్ల గుడ్డ కట్టుకుంటాం. ఢిల్లీని నిలదీసే ఫాదర్ గారు మన తోటలో గోడ సంగతీ చెప్పాలి. వచ్చే ఆదివారం పూజయ్యాక ఎవరూ ఇళ్ళకు పోవద్దు. ఆడవాళ్ళు ముందు వరసలో కూర్చోండి. అర్జీ రాసుకొచ్చాం, వేలిముద్రలకు ఇంకు డబ్బా కూడా తెచ్చాం.