యోసేపు పెద్దకొడుకు పేరు

(శతవార్షికోత్సవ కూటములలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో సంతోషమును గురించి మాట్లాడువారు చాలమంది ఉన్నారు. మాకిచ్చిన అంశము మాత్రము గతించిన బాధను విడిచిపెట్టుట. పండుగ పందిట్లో ఇది కొంచెము బరువైన మాటే. అయినను కొత్తబట్టలు కట్టుకొని వచ్చిన మనలో ఎందరి గుండెల్లో పాతగాయములున్నవో దేవునికే ఎరుక.

యోసేపు కథ సండేస్కూలు నాటినుండి మనకు తెలిసినదే. 17 ఏండ్ల ప్రాయములో అన్నలు అతనిని గుంటలో పడవేసి, పిమ్మట 20 తులముల వెండికి అమ్మివేసిరి. 30 ఏండ్లకు ఫరో యెదుట నిలిచెను. పెద్దకొడుకు పుట్టగా అతడు పెట్టిన పేరు దగ్గర మనము సాధారణముగా ఆగము. మనష్షే. మరపించువాడు అని దాని భావము. పడిన పాట్లను, తండ్రిగారింటిని దేవుడు తన మనసునుండి తీసివేసెనని చెప్పి ఆ పేరు పెట్టినాడు. కాని చూడండి, నిజముగా మరచిపోయినవాడు బిడ్డకు మరపు అని పేరు పెట్టునా? అన్నమునకు పిలిచినను, ఆటనుండి పిలిచినను ఆ పేరే పలుకవలెను గదా!

పిమ్మట కరవు వచ్చినది. అన్నలు ధాన్యమునకై వచ్చి అతని యెదుట సాగిలపడిరి. మధ్యలో దుబాసీ ఉన్నాడు గనుక ఈ అధికారికి తమ భాష రాదనుకొని, తమ్మునికి తాము చేసిన పనిని గూర్చి వారిలో వారు మాటలాడుకొనిరి. యోసేపు అవతలికి పోయి ఏడ్చెను. రెండవమారు వచ్చినప్పుడు లోపలి గదిలో ఏడ్చి, ముఖము కడుగుకొని భోజనమునకు వచ్చెను. మూడవమారు ఐగుప్తీయులు వినునంతగా ఏడ్చెను. మనష్షే అను పేరు పెట్టినవాని సంగతి ఇది! కాబట్టి విశ్వాసికి పాత సంగతులు జ్ఞాపకము రాకూడదని, వచ్చినయెడల విశ్వాసము తక్కువని ఎవరైనను మీతో చెప్పినయెడల ఈ అధ్యాయములను వారికి చదివి వినిపించండి.

మరియొక సంగతి. అన్నలను చూచిన దినముననే అతడు బయటపడలేదు. పరీక్షించెను. ఒకనాడు తమ్ముని అమ్ముదమని సలహా చెప్పినది యూదా. ఆ యూదాయే బెన్యామీనుకు బదులు తాను దాసుడుగా ఉండెదనని ముందుకు వచ్చినప్పుడు గాని యోసేపు నోరు విప్పలేదు. అమ్మబడిన నాటికి ఇది 22వ ఏడు. క్షమించుట ఒకటి, తిరిగి నమ్ముట మరియొకటి. ఈ భేదము తెలియక మన సంఘములలో ఎంతో అన్యాయము జరుగుచున్నది. తాగివచ్చి కొట్టు భర్తయొద్దకు, క్షమించుటయే క్రైస్తవ ధర్మమని చెప్పి ఆడబిడ్డను తిరిగి పంపించు పెద్దలున్నారు. వారు ఏ గ్రంథము చదివి ఆలాగు చెప్పుచున్నారో మాకు బోధపడదు.

మనకు దగ్గరి కాలములోని సంగతి చూతము. 1999 జనవరి 22 రాత్రి ఒరిస్సాలోని మనోహర్‌పూర్ గ్రామములో, జీపులో నిద్రించుచున్న గ్రాహం స్టెయిన్స్ గారిని, ఫిలిప్, తిమోతి అను ఇద్దరు చిన్న కుమారులను తగులబెట్టిరి. ఆయన బారిపదలో కుష్ఠురోగుల సేవలో దశాబ్దములు గడిపినవారు. భార్య గ్లాడిస్ గారు హంతకులను క్షమించితినని లోకమునకు చెప్పిరి. వెంటనే స్వదేశమునకు వెళ్లిపోలేదు. 2004 వరకు కుమార్తెతో ఆ దేశములోనే ఉండి రోగుల పని చూచిరి. 2005లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ ఇచ్చినది. ఆమె క్షమించినందున న్యాయస్థానము తలుపులు మూసుకొనలేదు. ప్రధాన ముద్దాయికి పడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు స్థిరపరచినది. శిక్ష చట్టము పని. పగ పెట్టుకొని ప్రతి ఉదయము దానితో లేచుట ఆమె పని కాదు, ఆమె దానిని దించివేసిరి.

అయితే క్షమించుటకు ఎదుట మనిషియే లేని బాధ ఒకటున్నది. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన వచ్చినప్పుడు ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది పోయిరి. చేతిలోనుండి బిడ్డ జారిపోయిన తల్లి ఎవరిని క్షమించవలెను? సముద్రమునా? అట్టివారియొద్దకు పోయి దేవుని చిత్తమని గబగబ చెప్పి వచ్చుట మాకు నచ్చదు. 88వ కీర్తన చదవండి. మొదటినుండి కడవరకు మొరయే. చివర ఓదార్పు లేదు, చీకటితోనే ముగియును. అయినను భక్తులు దానిని గ్రంథమునుండి తీసివేయలేదు. దేవునిమీద నిష్ఠూరమును దేవునితోనే చెప్పుకొనవచ్చునని దానివలన మనకు తెలియుచున్నది. ఆ తల్లికి మనము చేయగలది ఆమె ప్రక్కన కూర్చుండుటయే.

క్షమింపబడినవారి సంగతి కూడ ఉన్నది. యాకోబు ఐగుప్తులో 17 ఏండ్లు బ్రతికి చనిపోయెను. అన్నియేండ్లు యోసేపు పెట్టిన అన్నము తినిన అన్నలు, తండ్రి పోగానే ఇక పగ తీర్చుకొనునని భయపడి కబురు పంపిరి. ఆ మాట విని యోసేపు మరల ఏడ్చెను. ఇచ్చినవాడు ఇచ్చెను, పుచ్చుకొనవలసినవారు ఇంకను పుచ్చుకొనలేదు. మనలోను ఇట్టివారున్నారు. ప్రభువు క్షమించెనని పాడుదురు, రాత్రి మాత్రము పాత తప్పిదమును తీసి లెక్కపెట్టుకొందురు. సిలువ దగ్గర తీరిన బాకీకి మరల వడ్డీ కట్టుట ఎందుకు?

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. వేరువేరుగా నడచిన సంఘములు తమ పాత వాదములను ప్రక్కకు పెట్టినందుననే అది సాధ్యమైనది. 1950లో సిద్ధపరచిన ప్రభుభోజన క్రమములో, కానుకలకు ముందు సమాధానము అందించుకొను ఆచారమును ఉంచిరి. కానుకను బలిపీఠము నొద్ద విడిచి ముందు సహోదరునితో సమాధానపడుమని ప్రభువు చెప్పిన క్రమమే ఇది. సమాధానమును ఇచ్చువారు తమ కుడి అరచేతిని ఎదుటివారి కుడి అరచేతికి ఆనించుదురు. ఇద్దరును ఎడమచేతితో ఎదుటివారి కుడిచేతిని మూయుదురు. అప్పుడు రెండు చేతులును నిండిపోవును, మరేమియు పట్టుకొనుటకు వీలుండదు.

రేపటి ఆరాధనలో సమాధానము బల్లయొద్దనుండి బయలుదేరి వరుస వరుసకు వచ్చును. ప్రక్కనున్న భార్యకో భర్తకో అందించి ఊరకుండుట సులువు. రెండు వరుసల అవతల సరిహద్దు గోడ వ్యాజ్యములో ఎదుటి పక్షమువారు, లేదా పదేండ్లుగా పలుకరించని తోడికోడలు ఉండవచ్చును. నడవలో నాలుగడుగులు వేసి వారియొద్దకు పోవుటకు మన ఆరాధన క్రమములో ఏ అభ్యంతరమును లేదు. గురువుగారు అంతవరకు ఆగుదురు.