ఉదంకుడు చూసిన మగ్గం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచి ఎనిమిదో తరగతి పిల్లలతో లినో అచ్చులు వేయిస్తున్నాం. ఆ పని గురించి మాట్లాడమన్నారు. అచ్చు కన్నా ముందు మగ్గం గురించి చెప్పాలి. పిల్లలకు చెక్కడానికి ఇచ్చిన బొమ్మ మగ్గమే.

ఆ మగ్గం నన్నయ గారిది. 11వ శతాబ్దపు ఆదిపర్వంలో, పోయిన కుండలాల కోసం ఉదంకుడు నాగలోకం చేరతాడు. అక్కడ ఇద్దరు స్త్రీలు తెల్లని, నల్లని దారాలతో బట్ట నేస్తుంటారు. 12 ఆకుల చక్రాన్ని ఆరుగురు కుమారులు తిప్పుతుంటారు. ఆ స్త్రీలు ధాత, విధాత అనీ, దారాలు పగలూ రాత్రీ అనీ, చక్రం సంవత్సరమనీ, కుమారులు రుతువులనీ తర్వాత గురువు పైలుడు విప్పి చెబుతాడు. కాలం ఎలా నడుస్తుందో చూపడానికి ఆ కథకు దొరికిన పనిముట్టు మగ్గం. గ్రీకుల ఇలియడ్ మూడో భాగంలో హెలెన్ కూడా నేస్తూనే కనిపిస్తుంది. తన కోసం జరుగుతున్న యుద్ధాన్నే ఆమె గుడ్డలోకి ఎక్కిస్తుంటుంది.

అట్లా బొమ్మ నేసే గుడ్డను టాపెస్ట్రీ అంటారు. దాని కిటుకు పేకలో ఉంది. మామూలు బట్టలో పేక ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పోతుంది. టాపెస్ట్రీలో ఏ రంగు పేక ఆ రంగు హద్దు దాకే పోయి వెనక్కి తిరుగుతుంది. ఇది చెబుతుంటే వెనక బెంచీ పిల్లవాడు లేచి, "మా ఇంట్లో కుప్పడం అట్లనే చేస్తరు సార్" అన్నాడు.

నిజమే. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఒంటికి ఒక నాడె, రెండంచులకు రెండు నాడెలు. నూలు పేక అంచు దాకా వచ్చి, పట్టు పేకతో పెనవేసుకుని వెనుదిరుగుతుంది. వరుస వరుసకూ అంతే. పేక ఎక్కడ లాగాలో, ఎక్కడ వదలాలో ఆ పిల్లవాడు చేతులతో చేసి చూపించాడు. అంతకు ముందు, మగ్గం ఉన్న ఇళ్లవాళ్లు చేతులెత్తండి అన్నప్పుడు మాత్రం అతని చెయ్యి సగమే లేచింది. నా మనసుకు పట్టింది అదే. గద్వాల, రాజోలి, అయిజ నుంచి వచ్చే పిల్లలకు ఇంట్లో తెలిసిన విద్య బడిలో విద్య కాకుండా పోతోంది.

ఇక అచ్చు. ట్రేసింగ్ కాగితం మీద బొమ్మ గీసి, బోర్లించి లినో పలక మీద రుద్దాలి. తెల్లగా ఉండాల్సిన చోటల్లా ఉలితో తీసేయాలి. మిగిలిన మెరకే రంగు అందుకుంటుంది. పలక గట్టిగా ఉంటే కాసేపు ఎండలో పెడితే మెత్తబడుతుంది. మన ఊరి ఎండకు ఆ ఇబ్బంది లేదు. పలకను పట్టుకునే చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి. ఈ మాట నిన్న ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. రంగును అద్దం మీద రోలరుతో పలచగా పరిచి, పలకకు పట్టించి, కాగితం వేసి గరిటె వీపుతో రుద్దితే చాలు, ప్రెస్సు అక్కర్లేదు. పెడనలో కలంకారీ అద్దేవాళ్ల టేకు అచ్చులదీ ఇదే సూత్రం. 1930లో నందలాల్ బోస్ చేసిన దండి యాత్ర గాంధీజీ బొమ్మ మీరంతా చూసిందే, అదీ లినో అచ్చే.

చెరిపే రబ్బరు లేని పని ఇది. తీసేసింది మళ్లీ అతకదు. అందుకే నలుపూ తెలుపూ ముందే తేల్చుకోవాలి, నేతగాడు పడుగు ఎక్కించే ముందే లెక్క కట్టుకున్నట్టు. ఒకడు పేరు మామూలుగా చెక్కేసరికి అచ్చులో తిరగబడింది. ఇంకో పలక అడిగి తీసుకుని, ఈసారి అద్దంలో చూసుకుంటూ చెక్కాడు.

సంఘానికి నా విన్నపం ఒక్కటే. కంప్యూటర్ల కోసం మీరు విరాళాలు పోగుచేస్తున్నారు, మంచిదే. దాంతో పాటు ఒక గది, ఒక అద్దం పలక, పది సెట్ల ఉలులు ఇప్పించండి. నెలకో శనివారం ఒక నేత కార్మికుడిని గౌరవ వేతనంతో పిలిచి, ఆ గదిలో గురువుగా కూర్చోబెట్టండి. మగ్గం ఉన్న ఇంటి పిల్లలు ఆయన పక్కన కూర్చుని మిగతావాళ్లకు చెబుతారు.

అచ్చులు భోజనశాల గోడకు కట్టాం. కుప్పడం చెప్పిన పిల్లవాడిది కుడి నుంచి మూడోది. ఉదంకుడి మగ్గానికి వాడు మూడు నాడెలు పెట్టాడు. రంగు ఇంకా ఆరలేదు, చేతులు పెట్టకుండా చూడండి.

సెలవు.