జేబులోని పాటకు తగిన హెడ్‌ఫోన్



పాట వినవలెనన్నచో ఒకప్పుడు మనుష్యుడే పాట ఉన్న చోటికి పోవలసి యుండెను. గ్రామఫోను ఉన్న యింటి వసారాలోనికో, పంచాయతీ రేడియో మ్రోగెడి అరుగు మీదికో పోయి పదిమందితో కలిసి వినుట మన పెద్దల అనుభవము. 1979 జూలై 1వ తేదీన జపానులో సోనీ సంస్థ వాక్‌మన్ అను చిన్న క్యాసెట్ యంత్రమును విడుదల చేసిన పిమ్మట పాటయే మనుష్యుని వెంట నడువసాగినది. ఆ యంత్రమును గూర్చి అందరును చెప్పుకొందురు. దానితోపాటు ఇచ్చిన హెడ్‌ఫోన్‌ను తలచువారు అరుదు. అంతకు మునుపు తలకు తగిలించుకొనెడి హెడ్‌ఫోన్లు మూడు నాలుగు వందల గ్రాముల బరువుండెడివి. వాక్‌మన్‌తో వచ్చినది సుమారు 50 గ్రాములు. ఆ తేలికదనమే లేకున్నచో యంత్రమును నడుమునకు తగిలించుకొని వీధిలో తిరుగుట ఎవరికిని రుచించెడిది కాదు.

క్యాసెట్లు పోయినవి. 2001లో వచ్చిన ఐపాడ్‌ను కూడ దాని తయారీదారులు 2022లో ఆపివేసిరి. అయినను గోరంత మెమరీ కార్డులో వేయి పాటలు దాచుకొని, ఫోను మ్రోతల బెడద లేకుండ వినుటకై చిన్న యంత్రములను కొనువారు నేటికిని కలరు. నాలుగు వేలు పెట్టి యంత్రము కొని, బస్‌స్టాండులో వంద రూపాయలకు దొరికిన ఇయర్‌ఫోన్‌ను తగిలించువారిని చూచుచున్నాము. యంత్రపు వెలకు రెండింతలు హెడ్‌ఫోన్‌కు పోయువారును లేకపోలేదు. ఈ రెండును అక్కరలేదు. తక్కువ వెలలో కొనదలచినవారు మొదట చూడవలసినవి రెండే: ఒకటి తమ చెవి, రెండవది తాము వినెడి చోటు. పెట్టె మీది అంకెలు ఆ తరువాతి మాట.

హెడ్‌ఫోన్ లోపల ఒక చిన్న అయస్కాంతము, సన్నని తీగచుట్ట, దానికి అంటించిన పలుచని పొర ఉండును. యంత్రము నుండి వచ్చు విద్యుత్తు తీగచుట్టలో హెచ్చి తగ్గుచుండగా, పొర ముందునకు వెనుకకు కదలి గాలిని కదలించును. లౌడ్‌స్పీకరు చేయు పనియు ఇదియే. అయితే లౌడ్‌స్పీకరు గదినంతయు నింపవలెను. చెవి రంధ్రములోనికి దూరెడి ఇయర్‌ఫోన్ తనకును కర్ణభేరికిని నడుమనున్న చిటికెడు గాలిని కదలించిన చాలును. ఆ గాలి ప్రక్క సందులనుండి తప్పించుకొనకుండ ఉన్నంతవరకే మంద్రధ్వనులు నిలుచును.

దీనిని మీ యింటనే పరీక్షింపవచ్చును. ఏదేని కర్ణాటక కచేరీ రికార్డింగులో తని ఆవర్తనము వినుడు. మృదంగపు ఎడమ మూతకు, అనగా తొప్పికి, బొంబాయిరవ్వ ముద్ద పూసి నాదమును దింపుదురు గదా; ఆ గుంకీ మీ చెవికి నిండుగా వినవచ్చుచుండగా ఇయర్‌ఫోన్‌ను గవ్వంత బయటికి లాగుడు. గుంకీ మాయమై పొడి టపటప మాత్రము మిగులును. వాయించినవాడు మారలేదు, యంత్రము మారలేదు, మారినది సందు మాత్రమే. "దీనిలో బాస్ లేదు" అని జనులు పారవేయు ఇయర్‌ఫోన్లలో పెక్కింటికి లోపము రబ్బరు తొడుగులోనే యున్నదని నా అభిప్రాయము. పెట్టెలో చిన్నది, నడిమిది, పెద్దది అని మూడు జతల తొడుగులు వచ్చును. యంత్రమునకు తగిలియున్న నడిమి జతనే జీవితాంతము వాడువారు అధికము. ఒకే మనుష్యుని రెండు చెవులును ఒకే కొలతలో ఉండవలెనను నియమము లేదు. కుడికి నడిమిది, ఎడమకు పెద్దది పెట్టుకొనుటలో తప్పేమియు లేదు. సిలికాన్ రబ్బరు నిలువనిచో నురగ తొడుగులు దొరకును. వ్రేళ్ళతో నలిపి చెవిలో ఉంచినచో మెల్లగా ఉబ్బి రంధ్రమును నింపును.

ఈ సందు మాట రుచికి మాత్రమే సంబంధించినది కాదు. నడుచుచున్న బస్సులోని రొద సుమారు 75 మొదలు 85 డెసిబెల్‌ల వరకు ఉండుట సామాన్యము. చెవి గూటిలో వదులుగా కూర్చుండు ఇయర్‌ఫోన్ ఆ రొదను ఆపదు. వినువాడు పాటను రొదకు పైకి తేవలెను గనుక శబ్దమును పెంచును, ఇంజను గర్జించినప్పుడు మరికొంత పెంచును, దిగిన తరువాత తగ్గించుట మరచును. రంధ్రమును సరిగా మూయు ఇయర్‌ఫోన్ బయటి రొదను ఇరువది డెసిబెల్‌ల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు తగ్గింపగలదు. అప్పుడు పాటను పెంచవలసిన పనియే ఉండదు.

డెసిబెల్ లెక్క మన దినసరి లెక్కవంటిది కాదు. మూడు డెసిబెల్‌లు పెరిగినచో ధ్వనిశక్తి రెండింతలగును. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమితియు కలిసి 2019లో వెలువరించిన ప్రమాణము ప్రకారము పెద్దలు వారమునకు 40 గంటలు వినుటకు హద్దు 80 డెసిబెల్‌లు, పిల్లలకు 75. శబ్దము 90 డెసిబెల్‌లయినచో పెద్దల హద్దు వారమునకు 4 గంటలకు దిగును. 95 అయినచో గంటంబావు. 100 అయినచో వారమంతటికిని ఇరువది నిమిషములు! రోజుకు రెండు గంటలు బస్సులో పోయివచ్చు విద్యార్థి ఏ లెక్కలో పడునో మీరే ఊహింపుడు.

లోపలి చెవిలోని శంఖాకారపు గూటిలో సుమారు 15,000 సూక్ష్మ రోమకణములు కలవు. నశించిన కణము మరల మొలవదు. పెద్ద శబ్దమువలన కలుగు నష్టము మొదట 4,000 హెర్ట్జ్‌ల ప్రాంతమున కనబడును. పాటలోని శ్రుతి, అచ్చులు అంతకంటె దిగువనే ఉండుటచే మనుష్యుడు చాలకాలము తనకు చక్కగా వినబడుచున్నదనియే నమ్మును. సకార శకారములు, కకార తకారముల కొనలు మాత్రము జారిపోవుచుండును. "పాలు" అన్నదో "కాలు" అన్నదో తెలియక, ఎదుటివారు గొణుగుచున్నారని విసుగుకొనుట ఆరంభమగును. తల్లిదండ్రులు పిల్లలకు ఇయర్‌ఫోన్ కొనునప్పుడు రంగును, వెలను చూచుటకు ముందు ఈ సంగతిని తలచుకొనవలయును.

ఇక పెట్టె మీది అంకెలు. "20 నుండి 20,000 హెర్ట్జ్" అని ప్రతి పెట్టెమీదను ఉండును. కొన్నింటిమీద 40,000 అనియు ఉండును. మనుష్యుడు వినగలిగినది ఇరువది వేల వరకే. నడివయసు వచ్చుసరికి అదియును తగ్గును. ఎక్కడ ఎంత హెచ్చుతగ్గులతో పలుకునో చెప్పని ఆ అంకె, కాపురమునకు పనికిరాని జాతకమువంటిది. దానిని విడిచిపెట్టవచ్చును.

ఓముల అంకె మాత్రము చూడదగినది. దానిని ఇంపెడెన్సు అందురు. చిన్న యంత్రము ఒక అరవోల్టు ఇచ్చుననుకొందము. 16 ఓముల ఇయర్‌ఫోన్‌కు అది సుమారు 15.6 మిల్లీవాట్ల శక్తిని అందించును. 32 ఓములకు 7.8, 300 ఓములకు 0.83 మాత్రమే. సెన్‌హైజర్ వారి హెచ్.డి. 600 వంటి 300 ఓముల పేరుపడిన హెడ్‌ఫోన్‌ను జేబు యంత్రమునకు తగిలించి, వీణ ఆలాపన వినబడుటలేదని నిట్టూర్చుట ఇందువలననే. 16 మొదలు 60 ఓముల లోపు ఉన్నవాటిని ఎన్నుకొనిన యంత్రమునకు భారము కాదు. ఒకప్పటి కథ వేరు: బ్యాటరీ లేని క్రిస్టల్ రేడియో సెట్లకు రెండువేల ఓముల హెడ్‌ఫోన్లు వాడిరి, ఏలయన ఆ సెట్టు ఇచ్చు విద్యుత్తు అత్యల్పము, దానిని పీల్చివేయని చుట్ట కావలసి యుండెను. అమెరికాలోని యూటాలో నెథానియల్ బాల్డ్విన్ తన వంటగదిలో చేసి 1910లో నౌకాదళమునకు అమ్మిన హెడ్‌ఫోన్లు ఆ తరమునకు చెందినవి. తాతల పెట్టెలో అట్టివి దొరకినచో భద్రపరుపుడు గాని నేటి యంత్రమునకు తగిలింపవలదు.

సెన్సిటివిటీ అను మరియొక అంకెలో ఒక కిటుకు కలదు. ఒక తయారీదారు దానిని మిల్లీవాట్టుకు ఇన్ని డెసిబెల్‌లని వ్రాయును. మరియొకడు వోల్టుకు ఇన్ని యని వ్రాయును. మిల్లీవాట్టుకు 105 పలుకు 16 ఓముల ఇయర్‌ఫోన్‌నే వోల్టు లెక్కలో వ్రాసినచో 123 అగును. వస్తువు ఒక్కటియే! కొలత ఒకటి కానిచో పోల్చరాదు.

ఆకారములలో ఏది మేలని అడుగువారికి నా సమాధానము చోటునుబట్టి మారును. ప్రయాణములో వినువారికి రంధ్రమును మూయు ఇయర్‌ఫోన్. ఇంట కుర్చీలో కూర్చుండి వినువారికి, చెవిలో ఏదియు దూర్చుకొన నొల్లనివారికి, చెవిమీద ఆని యుండు తేలిక హెడ్‌ఫోన్. అమెరికాలో కాస్ సంస్థ 1984లో తెచ్చిన పోర్టా ప్రో ఇట్టిదే. 60 ఓములు, నురగ దిండ్లు, అదే రూపుతో నేటికిని అమ్ముడగుచున్నది. దానికి వీపు తెరచి యుండును గనుక ప్రక్కవారికి పాట వినబడును, బయటి రొద లోనికి వచ్చును; బస్సుకు పనికిరాదు, వరండాకు బాగుండును. ఉదయపు నడకలో రోడ్డుమీద పోవు పెద్దలకు మాత్రము లారీ హారను వినబడుటయే ముఖ్యము: వారు రంధ్రమును మూయు రకమును వాడరాదు. మా స్టూడియోలలో వాడునవి వీపు మూసిన పెద్ద హెడ్‌ఫోన్లు. లోపలి ధ్వని మైకులోనికి కారకుండుటకు అవి కావలెను. వాటిని చూచి ముచ్చటపడి ఎండలో తగిలించుకొని తిరుగువారి చెవుల చెమటకు మా బాధ్యత లేదు.

వెల విషయములో కాలము మనకు అనుకూలముగా నున్నది. అమెరికాలో ఎటిమోటిక్ సంస్థ 1991లో ఇ.ఆర్.4 అను ఇయర్‌ఫోన్‌ను తెచ్చినప్పుడు చెవి రంధ్రమును మూసి వినిపించు మేలురకపు సంగీతము సామాన్యుల అందుబాటులో లేదు. 2022లో చైనానుండి వచ్చిన మూన్‌డ్రాప్ చూ, సాల్నోట్స్ జీరో వంటివి ఇంచుమించు 20 డాలర్లకే స్వచ్ఛమైన ధ్వని నిచ్చినవి. ఆ తరగతి వస్తువు దాటి పైకి పోయినకొలది రూపాయికి కలుగు లాభము తగ్గుచుండును. పైగా మనలో పలువురు వినునవి 78 వేగపు రికార్డులనుండి ఎత్తిన పాత పద్యములు, హరికథలు. వాటిలో పై స్వరములును, అడుగు నాదమును రికార్డులోనే పరిమితము. లేని దానిని ఎంత వెలగల హెడ్‌ఫోన్ అయినను పుట్టింపలేదు.

అంగడిలో వినిచూచు అవకాశము దొరకినచో అంగడివాడు పెట్టు డప్పుల పాటను కాక, మీకు కంఠస్థమైన దానిని మీ యంత్రములోనే వినుడు. మొదట ఒంటరి కంఠము: గాయకుడు జలుబు చేసినవానివలె పలుకుచున్నచో ఆ ఇయర్‌ఫోన్ వలదు. పిదప తంబురా: తీగ మీటిన వెంటనే పైకి విచ్చుకొను సన్నని జీవ వినబడవలెను. కడపట మృదంగము. "ఎక్స్‌ట్రా బాస్" అని పెద్ద అక్షరములతో వ్రాసిన రకములలో తొప్పి గుంకీ క్రింద సాహిత్యము మునిగిపోవుట తరచు. పదిహేను నిమిషములు పెట్టుకొనిన చెవి నొప్పి పుట్టినచో, ధ్వని ఎంత మధురమైనను తిరిగి యిచ్చివేయుడు.

తీగ లేని బ్లూటూత్ రకములను గూర్చి ఒక మాట. చిన్న పాటలయంత్రములలో అనేకమునకు బ్లూటూత్ లేదు. కొనుటకు ముందు చూచుకొనవలెను. వాటిలోని బ్యాటరీ మినపగింజకు అన్నవంటిది. కొన్ని యేండ్లకు సత్తువ ఉడుగును, మార్చుటకు ప్రాయికముగా వీలుండదు. తీగగలవానికి ఆ జబ్బు లేదు గాని, వాటి ప్రాణము ప్లగ్గు మొదట ఉన్నది. తీగను పట్టి లాగక ప్లగ్గును పట్టి ఊడదీయవలెను. యంత్రము చుట్టు బిగించి చుట్టక, వదులు చుట్టగా ఉంచవలెను. తీగను వేరుచేసి మార్చుకొనదగిన రకము కొద్ది రూపాయలు హెచ్చయినను కొనదగినది.

ఒక వైపు శబ్దము తగ్గినదని తోచినప్పుడు వెంటనే కొత్తది కొనకుడు. రబ్బరు తొడుగును తీసి, మొనయందలి సన్నని జల్లెడను వెలుతురున చూడుడు. గుమిలి అడ్డుపడి యుండును. పొడి మెత్తని బ్రష్షుతో, మొనను నేలవైపునకు వంచి తుడువవలెను. నీళ్ళు జల్లెడకు తగులరాదు. తొడుగులను మాత్రము సబ్బునీళ్ళలో కడిగి, పూర్తిగా ఆరిన తరువాత మరల తొడుగవచ్చును.